రెండో చప్పుడు

గ్రీసులోని కాలిమ్నోస్ దీవిలో రాత్రిపూట ఎవరైనా తలుపు తడితే వెంటనే తీయరు. రెండోసారి తట్టేదాకా ఆగుతారు. చచ్చినవాళ్లు ఒక్కసారే తడతారని అక్కడివాళ్ల నమ్మకం.

రోడ్స్ దీవి నుంచి మేనత్తను చూడ్డానికి వచ్చిన థెమెలీనాకూ ఆ సంగతి తెలుసు. అందుకే తలుపు టక్కుమనగానే రొట్టె తుంచుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. చప్పుడు మనిషి ఎత్తున కాదు, కింద ఎక్కడో, గడప దగ్గర వినిపించింది.

"పిల్లి అయ్యుంటుందిలే అత్తా."

"పిల్లికి వేలి కణుపులుంటాయిటే?" అంది సెవస్తి.

రెండో చప్పుడు రాలేదు. రేవులో పడవల తాళ్లు మాత్రం కిర్రుమంటున్నాయి.

"ఈ తలుపుని టర్కీవాళ్లు గుద్దారు, ఇటలీవాళ్లు తన్నారు, జర్మన్లు తుపాకీ మడమలతో బాదారు. ఒక్కసారి తట్టి ఊరుకునేది మనవాళ్లేనే," అంటూ ముసలామె లేచింది.

థెమెలీనా ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దత్తా. రెండోది రానీ."

"మీ మామయ్య వచ్చిన రాత్రి కూడా అలాగే అనుకున్నా."

సెవస్తి భర్త సకెల్లారిస్ స్పాంజీల కోసం సముద్రంలో మునిగేవాడు. ఆ రోజు లోతులోంచి గబుక్కున పైకి రావడంతో కాళ్లు పడిపోయాయి. చీకట్లో రేవు నుంచి ఇంటిదాకా మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడు. ఒక్కసారి తట్టడానికే ఓపిక మిగిలింది. తెల్లారి తలుపు తీస్తే గడప మీద ఉన్నాడు, చల్లగా.

సెవస్తి మేనకోడలి వేళ్లు మెల్లగా విడిపించుకుంది. తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, గడపదాకా వంగింది.

"ఇంకోసారి తట్టక్కర్లేదు, తీస్తున్నా," అంటూ గడియ లాగింది.