సేవ చేసినవారి పేరు

ఉద్యోగులంతా వారానికి రెండు గంటలు సమాజసేవ చేసి తీరాలన్న చట్టం వచ్చి పదేళ్లయింది. గుంటూరులో ఇప్పుడు సేవ చేసేవాళ్లే తప్ప చేయించుకునేవాళ్లు దొరకడం లేదు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా హైమవతి నాలుగు నెలలు ఎదురుచూస్తే సేవ చేయడానికి ఒక ఇల్లు దక్కింది. ఆమెకిచ్చిన గడువుకు ఇదే ఆఖరి రోజు; ఈ రెండు గంటలు నిండకపోతే ఉద్యోగం పోతుంది.

సున్నం బకెట్టుతో గుమ్మంలో నిలబడిన ఆమెను ముసలి దర్జీ కోటిలింగం నీరసంగా చూశాడు.

"మళ్లీ సున్నమేనా తల్లీ? ఈ నెల్లో ఇది ఏడోసారి. పొద్దున బ్యాంకోళ్లొచ్చి అన్నం కూడా కలిపి తినిపించారు. నాకూ చేతులున్నాయని ఎవురికీ గుర్తులేదు."

ఆమె లోపలికి అడుగేసింది. అంతలో భుజాన ఉన్న సంచి పట్టీ పుటుక్కున తెగింది.

"అట్టా ఇవ్వమ్మా!" అంటూ కోటిలింగం మంచం కింది నుంచి చేతిమిషను లాగాడు. వద్దన్నా వినకుండా పట్టీ కుట్టాడు, చిరిగిన అంచులన్నీ మడిచి కుట్టాడు. కూనిరాగం తీస్తూ రెండు గంటలు ఆమెను కదలనివ్వలేదు.

తర్వాత ఫోన్‌లో ఫారం తెరుచుకుంది. సేవ చేసినవారు ఎవరు? పొందినవారు ఎవరు? హైమవతి ఉన్నదున్నట్టు మొదటిదానికి కోటిలింగం పేరు, రెండోదానికి తన పేరు రాసి పంపింది.

వెంటనే రెండు కబుర్లొచ్చాయి. ఉద్యోగం పోయింది. నిరుద్యోగి కాబట్టి ఆమె పేరు సేవ పొందేవారి జాబితాలో చేరింది. రేపు ఇంటికి ఎనిమిది మంది వస్తున్నారు.

"బాబాయ్, వీళ్లను రాకుండా ఆపడం ఎట్టా?"

"అది తెలిస్తే నీకు తలుపు తీసేవాణ్ణా తల్లీ!"