ధర్మం కింద నాలుగు రూపాయలు

చెబితే రోజుకు వచ్చే ముప్పావలా పోతుంది. చెప్పకపోతే ఏమీ పోదు. ఏమీ పోదని అనుకున్నకొద్దీ రాజమల్లు చేతిలో చెంబు బరువెక్కుతోంది.

వరంగల్ గంజ్‌లో సావుకారి వెంకట్రాజం దుకాణం ముందు తడికల పందిరి. దానికి రంగుల బోర్డు: 'ధర్మ చలివేంద్రం'. రెండు వేసవులుగా అందులో కూర్చుని, దోసిలి పట్టినవాళ్లకు నీళ్లు పోయడం రాజమల్లు పని. తను మాత్రం ఆ నీళ్లు ముట్టడు. ఇంటి నుంచి సొరబుర్రలో తెచ్చుకుంటాడు.

"మిఠాయి దుకాణంల కూసోని ఉడకవెట్టిన గుడాలు బుక్కినట్టున్నది నీ కథ," అని హమాలీలు నవ్వుతారు. అతనూ నవ్వుతాడు.

ఇప్పుడు దోసిలి పట్టినవాడు యాకయ్య. ధర్మసాగర్ దగ్గరి రైతు. బావి తవ్వించాలని, ఉన్న రెండెకరాల చెలక కుదువపెట్టి రెండు వందలు తీసుకోవడానికి వచ్చాడు. లోపల గుమాస్తా పాండురంగం కాగితం రాస్తున్నాడు.

"కొబ్బరి నీళ్ల తీరుగున్నయే అన్నా. యాడియి?"

"సావుకారి బాయిలయి. పొద్దుగాల పీపా బండిల వస్తయి."

"బాయంటే గట్లుండాలె. మా ఊరి చెరువు నీళ్లేమో మీ పట్నం నల్లాలకు పోతానయి, మా చెలకలు మబ్బు దిక్కు చూస్తానయి." యాకయ్య మూతి తుడుచుకున్నాడు. "కాయిదం రెండు వందలకట. చేతికిచ్చేది నూట డెబ్బై ఆరట. మూడు నెలల మిత్తి ముందే పట్టుకుంటరు, పన్నెండు. స్టాంపుకు మూడు. గుమాస్తా మామూలు ఐదు. ధర్మం కింద నాలుగు. ఆ ధర్మమేందో సమజ్ కాలే."

"ఇదే," అన్నాడు రాజమల్లు చెంబు చూపించి.

"అంటే నాలుగు రూపాలు పెట్టి నీళ్లు తాగిన్నా?" యాకయ్య పకపకా నవ్వాడు. "అయితే ఇంకో చెంబు పొయ్యి."

పోశాడు. ఆ నవ్వు చూస్తే రాజమల్లుకు కోపం వచ్చింది. వీడూ పోనీ, ఆ గడప దాటనీ అని తన మనసులోనే ఎవరో అంటున్నారు. తనొక్కడే అయితే అది తన తెలివితక్కువతనం. పదిమంది అయితే లోకం తీరు. రెండేళ్లుగా ఆ ఊరట మీదే బతుకుతున్నాడు. ఎందరికో నీళ్లు పోశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"జర సోచాయించు తమ్మీ." నోరు దానంతటదే కదిలింది. "నేను గూడ గీ దుకాణంలనే అప్పు తెచ్చి బాయి తవ్విచ్చిన."

యాకయ్య అతని చినిగిన బనీను వంక, చేతిలోని చెంబు వంక చూశాడు. జాలిపడ్డాడు.

"బండ తగిలినట్టున్నది, పాపం. నాకా ఫికర్ లేదన్నా. జల చూసెటాయన మూడు జాగలల్ల చూసిండు. పది గజాలల్ల నీళ్లు పడతయన్నడు. నీళ్లు పడ్డంక ఈ అప్పొక లెక్కనా?"

"యాకయ్యా, రా," లోపలి నుంచి పాండురంగం పిలిచాడు. "వేలిముద్ర ఏసి పైసలు తీస్కపో."

అరుగు మీద పడక కుర్చీలోంచి వెంకట్రాజం ఇటే చూస్తున్నాడు. యాకయ్య పైగుడ్డ దులుపుకుని మెట్టు మీద కాలు పెట్టాడు.

రాజమల్లు చెంబు కింద పెట్టి, లేచి, అతని మణికట్టు పట్టుకున్నాడు. సావుకారికి వినపడేటట్టే అన్నాడు:

"నా బాయిల గూడ పడ్డయి తమ్మీ, నువ్విప్పుడు తాగినయి అవే."