నాలుగు నిమిషాల పని

కార్ల సర్వీస్ సెంటర్‌లో బోర్డు మీద ముప్పై ఏడో నంబరు వెలిగింది. కౌంటర్ మూడు.

కుర్చీల వరసలోంచి లేచిన ముసలి మెకానిక్ ఆ కౌంటర్ వైపు చూసి ఒక్క క్షణం ఆగాడు. మిగతా రెండు కౌంటర్ల దగ్గరా జనం ఉన్నారు. ఇక తప్పదన్నట్టు చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు.

మూడో కౌంటర్ వెనకున్న సర్వీస్ అడ్వైజర్ ఏదో అనబోయాడు. ఈలోగా ముసలాయనే, "నమస్తే సార్" అన్నాడు.

అడ్వైజర్ చూపు కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు. "చెప్పండి" అన్నాడు.

"మీ కంపెనీ కారే సార్. ఒక నర్సమ్మది. మంచం పట్టినవాళ్లను ఇళ్లకెళ్లి చూసుకుంటుంది. ఫ్యూయల్ పంప్ పోతే కొత్తది వేశాను. మీ కంపెనీ సరుకే. కానీ కారులోని కంప్యూటర్ దాన్ని ఒప్పుకోవడం లేదు. బండి స్టార్ట్ అవడం లేదు."

"ఇక్కడికి తీసుకురండి."

"కదిలితే కదా సార్. లాక్కొచ్చే బండి పంపమంటే తొమ్మిది రోజులన్నారు. అన్ని రోజులు ఆ రోగుల గతేంటి? కొత్త పంపుని కారు ఒప్పుకోవాలంటే ఏదో కోడ్ పెట్టాలట. అదెలా పెట్టాలో ఒక్క కాగితం ఇప్పించండి. లేదంటే ఆ కోడ్ పెట్టే మిషన్ ఇచ్చి మీ మనిషినే పంపండి. ఓనరమ్మ ఉత్తరం రాసిచ్చింది."

ఉత్తరం కౌంటర్ మీద పెట్టాడు. గుండ్రటి చేతిరాత. 'కారు నాది. దానికేం జబ్బో తెలుసుకునే హక్కు నాకు లేదా?'

అడ్వైజర్ మోకాలి పక్క సొరుగులోనే ఉంది ఆ మిషన్. కారుకి తగిలించి రెండు మీటలు నొక్కితే చాలు. నాలుగు నిమిషాల పని.

"బయటి షెడ్లకి ఇవ్వకూడదండీ. రూలు."

"తెలుసు సార్. దొడ్డిదారిన అడగడం ఇష్టం లేకే నేరుగా వచ్చాను."

అద్దాల గదిలోంచి మేనేజర్ బయటికొచ్చాడు. ఉత్తరాన్ని రెండు వేళ్లతో ఎత్తి చదివాడు.

"చూడు పెద్దాయనా, ఆ సమాచారం కంపెనీది. షెడ్డుకో కాపీ పంచిపెట్టడానికి కాదు." అడ్వైజర్ వైపు తిరిగాడు. "ఈ షెడ్లవాళ్లతో మనవాళ్లెవరికైనా సంబంధం ఉందని తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపించేస్తాను. తెలుసుగా?"

"తెలుసు సార్."

"ముందు ఆ కౌంటర్ తుడువు. గ్రీజు."

కౌంటర్ అంచున నాలుగు వేళ్ల గుర్తులున్నాయి. ముసలాయన గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అడ్వైజర్ గుడ్డ తీసి తుడిచాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు.

"ఈ వేలిముద్రలుంటే మనిషి ఎవరో కనుక్కోవడానికి పోలీసులు కూడా అక్కర్లేదు" అని మేనేజర్ నవ్వాడు.

అడ్వైజరూ నవ్వాడు. ఆ నవ్వు తన చెవికే ఎవరిదోలా వినిపించింది.

మెకానిక్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈయన తప్పేం లేదు సార్. నేనే తెలియక అడిగాను" అని మేనేజర్‌కి చెప్పి, అద్దాల తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక ఒకసారి తడబడి, బయటికి వెళ్లిపోయాడు.

పక్క కౌంటర్ అమ్మాయి ఇటు వంగింది. "ఎవరు, తెలిసినాయనా?"

"కాదు. ఎవరో."

ముప్పై ఎనిమిదో నంబరు నొక్కాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఏం చెప్పారో, తనేం రాసుకున్నాడో ఒక్కటీ బుర్రకెక్కలేదు. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేయబోయి, నంబరు సగం నొక్కి ఆపేశాడు. ఎత్తితే ఏం మాట్లాడాలి? సాయంత్రం అందరూ వెళ్లిపోయినా, పనేమీ లేకపోయినా, గంటసేపు అక్కడే కూర్చున్నాడు. ఇక కూర్చోవడానికి సాకు దొరక్క లేచాడు.

తన ఇంటి గేటు తీసేసరికి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలి మెకానిక్ లోపలికి తిరిగి కేకేశాడు: "అమ్మాయ్, అబ్బాయి వచ్చాడు, పొద్దుట్నుంచీ అలిసిపోయి ఉంటాడు, వడ్డించమ్మా."