హారన్ మీద అరచేయి

"ఏం బావా, పొద్దున్నే ఎన్ని ఎలుకలు మింగొచ్చావ్?"

కపెంబ్వా గట్టిగానే అరిచాడు. షెడ్డులో అందరూ నవ్వారు.

నిచ్చెన మీదున్న జేరే వెనక్కి తిరగలేదు.

రాగిగనుల ఊరు కిట్వేలో బెంబా తెగకూ ఎన్గోనీ తెగకూ తాతలనాటి ఎగతాళి వరస. ఎలుకలు తింటావని బెంబా అంటే, కోతులు తింటావని ఎన్గోనీ అనాలి. అనకపోతే పొగరని అర్థం.

కపెంబ్వా బెంబా. జేరే ఎన్గోనీ.

క్రేన్ రిమోట్ సరిచూడటానికి జేరే అప్పుడప్పుడూ బయటినుంచి వస్తాడు. రిమోట్ పెట్టె విప్పి దుమ్ము తుడుస్తాడు. బ్యాటరీ మారుస్తాడు. ఎర్రమీట నొక్కితే క్రేన్ ఆగుతోందో లేదో చూస్తాడు. అంతవరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాతే నిచ్చెనెక్కి, పైనున్న క్రేన్ హారన్ మీద అరచేయి ఆనిస్తాడు.

"నొక్కు."

కపెంబ్వా తన మెడలో వేలాడుతున్న రిమోట్ మీద హారన్ మీట నొక్కాడు. షెడ్డు అదిరింది.

"ఇంకోసారి."

"మోగింది కదయ్యా! మాకు చెవుల్లేవనుకున్నావా?"

జవాబు లేదు. పైనుంచి వేలు మాత్రం ఊగింది, మళ్ళీ నొక్కమని.

దిగివచ్చాక జేరే ఒక్కటే మాటన్నాడు. "బరువు కదిలేముందు కిందివాడికి వినపడాలి."

కింద గొలుసులు తగిలించేవాడు కపెంబ్వా తమ్ముడు చిలేషె.

ఆ సాయంత్రమే కపెంబ్వా మేనేజర్ నమ్వింగా దగ్గరికి వెళ్ళాడు.

"పూటంతా పని ఆపేస్తాడు మేడమ్. పలకరిస్తే పలకడు. మమ్మల్ని మనుషులుగానే చూడడు."

తరువాతిసారి జేరే బదులు మరొకతను వచ్చాడు.

"కోతుల్ని తినే బావలూ, ఆ పాత రిమోట్ ఇలా పడెయ్యండి!"

షెడ్డు ఘొల్లుమంది. అతను కొత్త రిమోట్‌ను క్రేన్‌తో కలిపాడు, క్రేన్ కదిలే మీటలు మాత్రం నొక్కి చూశాడు, టీ చల్లారేలోగా వెళ్ళిపోయాడు. నిచ్చెన జోలికే పోలేదు.

మనిషంటే ఇలా ఉండాలనుకున్నాడు కపెంబ్వా.

వారం తిరగలేదు. కపెంబ్వా అలవాటు చొప్పున హారన్ మీట నొక్కి, ఇనుప దూలాన్ని లేపాడు. కింద వంగి గొలుసు సర్దుతున్న చిలేషె తల ఎత్తలేదు. ఊగిన దూలం అతని టోపీని ఎగరగొట్టింది.

కపెంబ్వా ఎర్రమీట మీద గుద్దాడు. క్రేన్ ఆగింది.

చిలేషె నేలమీద కూలబడి, తల తడుముకున్నాడు. గాయం లేదు.

"హారన్ కొట్టలేదేంటన్నా?"

"కొట్టాన్రా."

మళ్ళీ నొక్కి చూపించాడు. పైనుంచి చిన్న గురక లాంటిది వచ్చింది. యంత్రాల రొదలో అదీ కలిసిపోయింది.

ఆదివారం కపెంబ్వా దారి అడుక్కుంటూ జేరే ఇంటికి వెళ్ళాడు. క్షమించమని అడగాలి. మళ్ళీ రమ్మని బతిమాలాలి.

వాకిట్లో నెగడు మండుతోంది. చుట్టూ మగవాళ్ళు కూర్చున్నారు. లోపలినుంచి ఆడవాళ్ళ ఏడుపుపాట వినిపిస్తోంది.

జేరే పోయాడని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

లోపల జేరే భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. కపెంబ్వా తన పేరు చెప్పుకున్నాడు.

"బెంబావాడివా? మరి ఎగతాళి చెయ్యవేం నాయనా? చావింట్లో మమ్మల్ని నవ్వించాల్సింది మీరే కదా."

"చేసిందే ఎక్కువమ్మా." కపెంబ్వా తల దించుకున్నాడు. "షెడ్డులో ఎన్నెన్ని మాటలన్నానో. ఒక్కదానికీ తిరిగి అనలేదు. నా మీద కోపంతోనే పోయాడేమో."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"ఏ మాటలు నాయనా? గనిలో పేలుడైన నాటినుంచి మా ఆయనకు ఏ శబ్దమూ వినపడదు."