ఎక్కడా దొరకని పద్యం

ఇటలీలోని లెచ్చె ఊరి బడిలో లాటిన్ పద్యం ఏదిచ్చినా, పిల్లలు ఫోనులో అనువాదం వెతికి దించేస్తున్నారు. అందుకని ఒర్తెన్సియా టీచర్ ఈస్టర్ సెలవుల్లో కూర్చుని, పాత ఛందస్సులో తనే లాటిన్‌లో ఒక పద్యం రాసింది. ప్రాచీన కవిదని చెప్పి పరీక్షకు ఇచ్చింది. ఒక్కరైనా సొంతంగా చదివితే చాలనుకుంది.

అందరూ వేరే పద్యాల అనువాదాలు నున్నగా రాసిచ్చారు. యాకొపో మాత్రం రాసిందంతా కొట్టేసి ఇచ్చాడు. టీచర్ అతన్ని పిలిచింది.

"కాపీ కొట్టడం కూడా చేతకాలేదా నాయనా?"

"వెతికాను టీచర్. ఎక్కడా లేదు."

"మరి ఈ కొట్టేసిందేమిటి?"

"నాకు తోచింది రాశాను. మొగుడు పోయినావిడ రోజూ బల్ల మీద రెండు పళ్ళాలు పెడుతుందని. ఫోనులో అలాంటి పద్యమే లేదంటే, నాదే తప్పనుకుని కొట్టేశాను."

పొద్దున పెట్టిన రెండో పళ్ళెం టీచర్ ఇంట్లో ఇంకా బల్ల మీదే ఉంది.

"తప్పేం కాదు," అంది టీచర్. "ఆ పద్యం నేనే రాశాను."

యాకొపో మర్యాదకు నవ్వాడు.

"భలేవారే టీచర్. ఆ భాషలో పద్యాలు రాసేవాళ్ళంతా ఎప్పుడో చచ్చిపోయారు కదా."