ఆర్డెల్ పిస్తోలుకి ఎర్రచుక్క

"సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడరా, చాలు. ఇంకేం వద్దు," అంటూ ఆర్డెల్ పిస్తోలుని కౌంటర్ మీద పెట్టాడు.

వెర్లిన్ దాన్ని అందుకుని, లోపల ఖాళీయేనా అని రెండుసార్లు చూసుకున్నాడు. నార్త్ డకోటాలోని ఆ చిన్న ఊళ్లో తుపాకులు బాగుచేసేది అతనొక్కడే. ఆర్డెల్ అతనికి ముప్ఫై ఏళ్ల నేస్తం. గురువారం గురిపందేల్లో ఇద్దరిదీ ఒకే జట్టు. శీతాకాలం మొదట్లో భార్య లోరీన్ పోయాక ఆర్డెల్ పందేలవైపు రావడం మానేశాడు.

"సాయంత్రానికి ఇచ్చేస్తావా?"

"అంత తొందరేంట్రా? రైలు తప్పిపోతుందా?"

"ఇల్లు సర్దేస్తున్నా. వేట తుపాకులన్నీ మేనల్లుడికి ఇచ్చేశా. కుక్కని పక్కింటివాళ్లకి ఇచ్చా. ఇదొక్కటే మిగిలింది."

అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నాడని ఊరంతా అనుకుంటోంది. కౌంటర్ వెనక తూటాల పెట్టెలు సర్దుతున్న వెర్లిన్ కూతురు మారిట్ కూడా అదే విన్నది.

"మంచిపని చేస్తున్నారు అంకుల్. ఈ చలిలో ఒక్కరూ ఎలా ఉంటారు?" అంది.

ఆర్డెల్ ఆమెకేసి చూసి కొంచెం నవ్వాడు. "అవునమ్మా. చలి ఎక్కువగానే ఉంది," అన్నాడు.

వెర్లిన్ కాసేపు పిస్తోలుని, కాసేపు ఆర్డెల్ మొహాన్ని చూశాడు. తర్వాత అల్మారా తెరిచి అగ్గిపెట్టెంత అద్దం ఒకటి తీశాడు.

"దీనికి రెడ్ డాట్ పెడదాం."

మారిట్‌కి ఒళ్లు మండింది. వచ్చిన మనిషి అడిగిందేమిటి, ఈయన అమ్ముతున్నదేమిటి!

"నాకెందుకురా అది?" అన్నాడు ఆర్డెల్.

"నీ కళ్లు పోయాయి గనక. కిందటేడు చివరి పందెంలో పక్కవాడి గురి అట్టకి కొట్టి వాడిని గెలిపించావు, మర్చిపోయావా? ఈ అద్దంలో ఎర్రచుక్క కనబడుతుంది. చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికే."

"గురితో నాకిప్పుడు పనేముంది?"

"జట్టుకుంది."

మారిట్ ఉండబట్టలేక మధ్యలో దూరింది. "అంతగా కావాలంటే వెనక గురి చూసుకునే ముక్క పీకేసి, ఆ గాడిలో చిన్న ప్లేట్ దిగ్గొడితే సరిపోతుంది అంకుల్. దాని మీద అద్దం. పది నిమిషాల పని. ప్లేట్ ఇక్కడే ఉంది, ఇప్పుడే పట్టుకెళ్లిపోవచ్చు."

"అయితే అదే చెయ్యి," అన్నాడు ఆర్డెల్.

"అదీ ఒక పనేనా!" వెర్లిన్ గొంతు లేచింది. "అద్దం కోడిపుంజు జుట్టులా పైకి నిక్కుతుంది. నాలుగు పెట్టెల తూటాలు కాల్చేసరికి వదులైపోతుంది. పెడితే స్లైడుని చెక్కే పెట్టాలి. ఇనుములో గుంట తీసి కూర్చోబెడితే ఇక జన్మలో కదలదు."

"స్లైడునా?"

"ఆ, ఈ పై భాగాన్నే. ఫార్గో పట్నంలో చెక్కేవాడున్నాడు. మూడు వారాలు పడుతుంది."

"మూడు వారాలా!" ఆర్డెల్ కౌంటర్ అంచు పట్టుకున్నాడు. "నాకు ఇవాళే కావాలి, వెర్లిన్."

"ఇవాళ కుదరదు."

"అయితే ఏమీ పెట్టకు. నా పిస్తోలు నాకిచ్చెయ్యి."

వెర్లిన్ ఇవ్వలేదు. పై భాగాన్ని చటుక్కున ఊడదీసి, అరచెయ్యి దాని మీద పెట్టి నొక్కి పట్టుకున్నాడు. పిల్లలు ఆటబొమ్మని పట్టుకున్నట్టు ఏమిటీ మొండితనం అనుకుంది మారిట్.

"ముప్ఫై ఏళ్లలో నిన్నెప్పుడైనా ఏదైనా అడిగానట్రా? ఇదొక్కటి అడుగుతున్నా. చెక్కనివ్వు." అనేసరికి వెర్లిన్ గొంతు వణికింది.

ఒక అద్దం అమ్ముకోవడానికి ఏడుపు కూడానా! మారిట్‌కి తండ్రి మొహం చూడాలనిపించలేదు. పోయేవాడు ఎలాగూ పోతున్నాడు, ఆఖరి బేరం కోసం ఇంత స్నేహాన్నీ మట్టిలో కలుపుతున్నాడే అని బాధేసింది.

ఆర్డెల్ కౌంటర్ అంచు వదిలేసి, కిటికీ బయటి మంచువైపు తిరిగాడు.

"సరే. నీ ఇష్టం," అన్నాడు చివరికి.

వెర్లిన్ గట్టిగా ఊపిరి వదిలాడు. "కింది సగం నువ్వు పట్టుకెళ్లు. రేపు పొద్దున్నే రా, కొలతలు చూడాలి. ఎల్లుండీ రావాలి."

"రోజూనా?"

"రోజూ. కాఫీ నాది, సరేనా? వెళ్లి నా బండిలో కూర్చో. ఇవాళ భోజనం మా ఇంట్లోనే. వద్దన్నావో, మారిట్ వాళ్లమ్మకి నువ్వే జవాబు చెప్పుకోవాలి."

ఆర్డెల్ టోపీ పెట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు. తలుపు పడిందో లేదో మారిట్ విరుచుకుపడింది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట! సిగ్గుగా లేదూ నాన్నా? పెళ్లాం పోయిన మనిషికి అక్కర్లేని సరుకు అంటగడతావా? పైగా కొలతలట, కొలతలు! స్లైడు చెక్కడానికి మనిషి రోజూ రావడం ఎందుకు? ఆయన ఇంకెప్పుడైనా నిన్ను స్నేహితుడనుకుంటాడా?"

"అనుకోకపోయినా ఫర్వాలేదు."

"సరే కానియ్. ఫార్గోకి పార్సిల్ కట్టనా?"

"వద్దు."

వెర్లిన్ స్లైడుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. 

"చెక్కించనివాడివి దాన్ని ఎందుకు లాక్కున్నావు మరి? పాపం, ఆయన చెల్లెలి దగ్గరికి వెళ్లేటప్పుడు..."

"వాడి చెల్లెలు పోయి పదేళ్లయింది, తల్లీ. అరిజోనాలో వాడికెవరూ లేరు."

మారిట్ తూటాల పెట్టెలు వదిలేసి ముందుకొచ్చింది. కిటికీలోంచి చూస్తే, బండిలో ముందు సీట్లో ఆర్డెల్ తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

వెర్లిన్ కోటు తొడుక్కుంటూ తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"పై భాగం లేని పిస్తోలు పేలదు."