ఈసారీ మొగుడే

"థూ! దీంట్ల గూడ మొగుడే చంపిండా?"

కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి సాంబమూర్తికి డిటెక్టివ్ నవలలు భార్య పద్మలతే చదివి వినిపిస్తున్నది.

"ఏ కొత్త నవలైనా గిదే కథ! ఈ రాసేటోళ్ల బుర్రల ఏమున్నదే? హన్మకొండల కొన్నయన్నీ చెత్తబండిల ఎయ్యి. నువ్వు వెట్టిన చాయ్ గూడ గట్లనే ఉన్నది, చల్లగ. మళ్ల వెట్టుకరా, పో."

పద్మలత ఆఖరి పేజీ మీది నుంచి వేలు తీసింది. అక్కడ దొరికిన హంతకుడు తోటమాలి. నిన్నటి నవలలో డాక్టరు.

వేడి చాయ్ ఇచ్చి, ఇంకా తెరవని పుస్తకం ఒకటి ఒళ్లో పెట్టుకున్నది.

"ఇది దయ్యాల నవల."

"హమ్మయ్య! దీంట్లనన్న మొగుడు చంపడు గద?"

"చంపడు. మొదటి పేజీలనే సస్తడు."